రెండు భాషల పొరుగు

ఉద్దేశం

నివాసాన్ని ఎన్నుకొనేటప్పుడు మనిషి ధరను, విస్తీర్ణాన్ని, నీటి వసతిని పరిశీలిస్తాడు. ఆ వాడలో ఏ భాష వినిపిస్తుంది, పిల్లలు ఏ భాషలో చదువుకోవలసి ఉంటుంది అనే ప్రశ్నలు కూడా వాటితో సమానమైనవే. కెనడాలోని మాంట్రియల్ నగరపు పడమటి శివారును ఉదాహరణగా తీసుకొని, ఇంటికీ భాషకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నది తెలుగువారికి తరతరాలుగా తెలిసిన సామెత. ఈ రెండు పనులలోను ధనం ఎంత ఖర్చవుతుందో, ఓర్పు కూడా అంత ఖర్చవుతుందని దాని భావం. “నోరు మంచిదైతే ఊరు మంచిది” అన్నది మరొక సామెత. మొదటిది ఇంటి గోడలను గురించి చెబితే, రెండవది ఆ గోడలకు వెలుపల ఉన్న ఇరుగుపొరుగును గురించి చెబుతుంది. ఒకే వీధిలో రెండు భాషలు వాడుకలో ఉన్నచోట ఇల్లు కొనదలచినవారికి ఈ రెండు సామెతలూ ఒకేసారి అనుభవానికి వస్తాయి. కెనడా దేశంలో మాంట్రియల్ నగరానికి పడమట ఉన్న శివారు పట్టణాలు అటువంటి చోటుకు చక్కని ఉదాహరణ.

మాంట్రియల్ ఒక నదీ ద్వీపం మీద వెలసిన నగరం. సెయింట్ లారెన్స్ నది ఆ ద్వీపానికి దక్షిణాన ప్రవహిస్తుంది. 1642లో ఫ్రెంచివారు ఇక్కడ వీల్ మరీ అనే చిన్న స్థావరాన్ని నెలకొల్పారు. 1760లో అది బ్రిటిషువారి వశమయింది. పాలకులు మారినా ప్రజల భాష మారలేదు. 1774లో బ్రిటిషు పార్లమెంటు చేసిన క్యూబెక్ చట్టం, ఆస్తి, వారసత్వం మొదలైన పౌర వ్యవహారాలలో ఫ్రెంచి న్యాయ సంప్రదాయం కొనసాగడానికి వీలు కల్పించింది. నేటికీ క్యూబెక్ రాష్ట్రంలో ఇల్లు కొనే పద్ధతి, కెనడాలోని తక్కిన రాష్ట్రాల పద్ధతికి భిన్నంగా ఉండటానికి మూలం అక్కడే ఉన్నది.

కాలక్రమాన ఇంగ్లీషు మాట్లాడే వర్తకులు, పారిశ్రామికులు మాంట్రియల్‌లో స్థిరపడ్డారు. సెయింట్ లారెంట్ అనే పెద్ద వీధి నగరానికి నడుమ గీతగా నిలిచింది. ఆ వీధికి తూర్పున ఫ్రెంచివారు, పడమట ఆంగ్లభాషీయులు ఎక్కువగా నివసించేవారు. 1945లో హ్యూ మక్లెనన్ అనే రచయిత ఈ స్థితిని చిత్రిస్తూ ఒక నవల వ్రాశాడు. ఆ నవల పేరుకు ‘రెండు ఏకాంతాలు’ అని అర్థం. పక్కపక్కనే ఉంటూ ఒకరినొకరు ఎరుగని రెండు జాతుల బ్రతుకును చెప్పడానికి ఆ మాట కెనడాలో స్థిరపడిపోయింది.

ఈ రెండు ఏకాంతాలకు నడుమ ఒకే కంచె మిగిలిన చోటు పడమటి శివారు. ద్వీపం పడమటి భాగంలో డోర్వల్, పాయింట్ క్లేర్, బీకన్స్‌ఫీల్డ్, కర్క్‌లాండ్, డొలార్ దెజోర్మో మొదలైన పట్టణాలు ఉన్నాయి. వీటిని కలిపి ‘వెస్ట్ ఐలాండ్’ అంటారు. పేర్లలోనే రెండు చరిత్రలు కనిపిస్తాయి. డొలార్ దెజోర్మో 1660లో యుద్ధంలో మరణించిన ఫ్రెంచి వీరుడు. బీకన్స్‌ఫీల్డ్ అన్నది బ్రిటిషు ప్రధానమంత్రి డిజ్రేలీ పొందిన బిరుదు. ఒకే పట్టణాన్ని ఇంగ్లీషువారు పాయింట్ క్లేర్ అంటే, ఫ్రెంచివారు ప్వాంత్ క్లేర్ అంటారు. ఎవరు ఎలా పలికినా ఎదుటివారికి అర్థమవుతుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం డొలార్ దెజోర్మోలో సుమారు 48 వేలమంది, పాయింట్ క్లేర్‌లో సుమారు 33 వేలమంది నివసిస్తున్నారు.

ఒకప్పుడు ఇవి పొలాలు, పల్లెలు. 1856లో మాంట్రియల్, టొరంటో నగరాల మధ్య రైలుమార్గం పూర్తయిన తరువాత సంపన్నులు సరస్సు ఒడ్డున వేసవి విడుదులు కట్టుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మధ్యతరగతి కుటుంబాలు సొంత ఇల్లు, కొంచెం పెరడు, ఒక కారు కోరుకొని ఇటు తరలివచ్చాయి. విశాలమైన రహదారులు ఏర్పడ్డాయి. 1965లో పాయింట్ క్లేర్‌లో పెద్ద వాణిజ్య సముదాయం ప్రారంభమయింది. పొలాల స్థానంలో ఇళ్ళ వరుసలు వెలిశాయి.

భాషా చట్టం – దాని వెనుక భయం

క్యూబెక్ ప్రజలలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి ఫ్రెంచి మాతృభాష. అయినా ఉత్తర అమెరికా మొత్తాన్ని చూస్తే వారు ఇంగ్లీషు సముద్రం నడుమ ఉన్న చిన్న ద్వీపం వంటివారు. వలస వచ్చినవారు తమ పిల్లలను ఎక్కువగా ఇంగ్లీషు బడులలోనే చేర్పించేవారు. ఉద్యోగాలలో పైమెట్లు ఇంగ్లీషువారివే. ఈ తీరు సాగితే కొన్ని తరాలకు మాంట్రియల్‌లో తమ భాష మిగలదని ఫ్రెంచివారు భయపడ్డారు. ఆ భయం నుండే 1977 ఆగస్టు 26న ‘ఫ్రెంచి భాషా శాసనం’ పుట్టింది. ప్రభుత్వ వ్యవహారాలలో, పని స్థలాలలో, దుకాణాల పేరు పలకలపై, బడులలో ఫ్రెంచికి ఆ శాసనం ప్రథమ స్థానం కల్పించింది.

ఈ శాసనం ఒకరికి రక్షణగా, మరొకరికి వియోగంగా పరిణమించింది. ఎందరో ఆంగ్లభాషీయులు ఇళ్ళు అమ్ముకొని టొరంటో వంటి నగరాలకు వెళ్ళిపోయారు. ఉండిపోయినవారిలో అనేకులు ఫ్రెంచి నేర్చుకున్నారు. నేడు పడమటి శివారులో ఇరు భాషలలోను ధారాళంగా మాట్లాడగలవారు ఎక్కువగా కనిపించడానికి ఈ నేర్చుకోవడమే కారణం. ద్విభాషా జీవనం వారికి వరంగా లభించలేదు, శ్రమతో సంపాదించుకున్నారు.

ఆంగ్లభాషీయులు సగానికి పైగా ఉన్న పట్టణాలకు శాసనం ప్రత్యేక హోదా ఇచ్చింది. అటువంటి పట్టణాల పురపాలక సంఘాలు ఫ్రెంచితోపాటు ఇంగ్లీషులో కూడా ప్రజలతో వ్యవహరించవచ్చు. 2002 జనవరి 1న ద్వీపంలోని పురపాలక సంఘాలన్నింటినీ కలిపి ప్రభుత్వం ఒకే నగరంగా చేసింది. ఇది పడమటివారికి నచ్చలేదు. స్థానిక పాలన, పన్నులు, భాష – మూడూ చేజారుతాయని వారు భావించారు. 2004 జూన్ 20న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2006 జనవరి 1 నుండి 15 పట్టణాలు తిరిగి తమ పురపాలక సంఘాలను పొందాయి. పాయింట్ క్లేర్, డొలార్ దెజోర్మో, బీకన్స్‌ఫీల్డ్, కర్క్‌లాండ్, డోర్వల్ వాటిలో ఉన్నాయి.

నిత్య జీవితం

ఈ పట్టణాలలో వీధి పేరు చెప్పే పలకను చూస్తే ‘వీధి’ అనే మాటకు ఫ్రెంచి సంక్షిప్త రూపం పేరుకు ముందు, ఇంగ్లీషు సంక్షిప్త రూపం పేరుకు వెనుక కనిపించడం కద్దు. దుకాణంలో అడుగుపెట్టినవారిని ‘బోఁజూర్, హాయ్’ అని రెండు భాషలలో పలకరించడం మాంట్రియల్ వాసులకు అలవాటు. కొనుగోలుదారు ఏ భాషలో బదులిస్తే ఆ భాషలో సంభాషణ సాగుతుంది. ఈ చిన్న పలకరింపు కూడా రాజకీయ చర్చకు గురియైనది. దుకాణదారులు ‘బోఁజూర్’ అని మాత్రమే పలకరించాలని కోరుతూ 2017 నవంబరులో క్యూబెక్ శాసనసభ తీర్మానం చేసింది.

పిల్లలున్న కుటుంబాలు ఈ శివారును ఇష్టపడటానికి తగిన కారణాలు ఉన్నాయి. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉద్యానవనం ఉంటుంది. వేసవిలో పేటపేటకూ ఈతకొలను తెరుస్తారు. శీతకాలంలో మంచు గడ్డకట్టిన మైదానాలలో పిల్లలు స్కేటింగు చేస్తారు. పట్టణ గ్రంథాలయాలలో రెండు భాషల పుస్తకాలూ ఉంటాయి. డొలార్ దెజోర్మోలో దక్షిణ భారత సంప్రదాయానికి చెందిన మురుగన్ ఆలయం ఉన్నది. ఇటలీ, చైనా, అరబ్బు దేశాలు, పంజాబు, శ్రీలంక, తెలుగునాడు – ఎక్కడెక్కడి కుటుంబాలో ఇక్కడ ఇరుగుపొరుగుగా ఉంటున్నాయి.

ఇల్లు కొనే విధానం

ఇల్లు కొనడానికి ముందు చట్టం అనుమతిస్తుందో లేదో తెలుసుకోవాలి. విదేశీయులు కెనడాలో నివాస గృహాలు కొనడాన్ని నిషేధిస్తూ 2023 జనవరి 1న ఒక చట్టం అమలులోకి వచ్చింది. దానిని 2027 జనవరి 1 వరకు పొడిగించారు. శాశ్వత నివాస హక్కు పొందినవారికి ఈ నిషేధం వర్తించదు. ఉద్యోగ అనుమతి మీద వచ్చినవారికి కొన్ని షరతులతో మినహాయింపు ఉన్నది.

తరువాతిది ధనం. కెనడాలో ఇంటి ధరలో కొంత భాగాన్ని కొనుగోలుదారు స్వయంగా చెల్లించి, మిగిలినది బ్యాంకు రుణంగా తీసుకుంటాడు. ధరలో మొదటి 5 లక్షల డాలర్లపై కనీసం 5 శాతం, ఆ పైన ఉన్న మొత్తంపై 10 శాతం చెల్లించాలి. ఉదాహరణకు 6 లక్షల డాలర్ల ఇంటికి 25 వేలు, 10 వేలు కలిపి 35 వేల డాలర్లు చేతిలో ఉండాలి. సొంతంగా చెల్లించే మొత్తం ధరలో 20 శాతానికి తక్కువైతే రుణానికి బీమా చేయించడం తప్పనిసరి. 20 శాతం అంటే ఈ ఇంటికి 1 లక్షా 20 వేల డాలర్లు. బీమా రుసుము రుణగ్రహీతే భరించాలి. దానివల్ల రక్షణ పొందేది మాత్రం బ్యాంకు.

ధర కుదిరిన తరువాత కొనుగోలుదారు నిపుణుని చేత ఇంటిని తనిఖీ చేయించుకుంటాడు. అక్కడి ఇళ్ళలో నేలమాళిగ సర్వసాధారణం. మంచు కరిగే వసంతకాలంలో పునాది పగుళ్ళగుండా నీరు అందులోకి చేరవచ్చు. 1960వ దశకం మధ్య నుండి 1970వ దశకం మధ్య వరకు కట్టిన కొన్ని ఇళ్ళలో విద్యుత్తుకు రాగి తీగలకు బదులు అల్యూమినియం తీగలు వాడారు. అతుకుల వద్ద అవి వేడెక్కే ప్రమాదం ఉన్నది. 2017లోను, 2019లోను నది పొంగి ద్వీపపు వాయవ్య భాగంలోని పేటలు నీట మునిగాయి. కనుక ముంపు ప్రాంతాల పటాన్ని చూడనిదే ముందడుగు వేయరాదు. బయటికి కనిపించని లోపం తరువాత బయటపడితే, అమ్మినవానిని ప్రశ్నించే హక్కును క్యూబెక్ పౌరస్మృతి కొనుగోలుదారుకు ఇచ్చింది. అయితే ఆ విషయాన్ని సకాలంలో వ్రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఇక దస్తావేజు. తెలుగు రాష్ట్రాలలో ఇల్లు కొన్నవారు సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళతారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం అందుకు ఆధారం. ఈసీ తీయించి, లింకు దస్తావేజులు పరిశీలించి, స్టాంపు డ్యూటీ చెల్లించడం అందరికీ తెలిసినదే. క్యూబెక్‌లో ఈ బాధ్యత చాలావరకు నోటరీది. భారతదేశంలో నోటరీ అంటే పత్రాలపై ముద్ర వేసి ధ్రువీకరించే న్యాయవాది గుర్తుకు వస్తాడు. క్యూబెక్ నోటరీ స్థానం వేరు. ఇంటి తనఖా పత్రం అతని ఎదుటనే జరగాలి. అతడు హక్కు పత్రాల పరంపరను పరిశీలిస్తాడు. సర్వేయరు ఇచ్చిన హద్దుల ధ్రువపత్రాన్ని చూస్తాడు. సొమ్మును తన వద్ద భద్రపరచి, దస్తావేజు నమోదయిన తరువాత అమ్మకందారుకు అందజేస్తాడు. అతడు అమ్మేవాని పక్షమూ కాదు, కొనేవాని పక్షమూ కాదు. ఉభయులకూ సమానంగా సలహా చెప్పడం అతని ధర్మం.

ఇక్కడ భాష మళ్ళీ ఎదురవుతుంది. క్యూబెక్ ప్రభుత్వం 2022లో భాషా శాసనాన్ని మరింత కట్టుదిట్టం చేసింది. 2022 సెప్టెంబరు నుండి భూమి రిజిస్టరులో నమోదుకు వచ్చే పత్రాలు ఫ్రెంచిలోనే ఉండాలి. పొరుగువారితో ఇంగ్లీషులో మాట్లాడుతూ జీవితం గడిపినా, ఇంటి దస్తావేజు మాత్రం ఫ్రెంచిలోనే ఉంటుంది. కొనుగోలుదారుకు ఫ్రెంచి రాకపోతే దాని అర్థాన్ని వివరంగా చెప్పించుకున్న తరువాతనే సంతకం చేయాలి. ఈ విషయంలో భారతీయ చట్టాన్ని పోల్చి చూడవచ్చు. దస్తావేజు రిజిస్ట్రారుకు తెలియని భాషలో, ఆ జిల్లాలో వాడుకలో లేని భాషలో ఉంటే, జిల్లా వాడుక భాషలోనికి అనువాదం జతపరచాలని 1908 నాటి చట్టం చెబుతుంది. అక్కడ ఒక భాషను నిర్ణయించారు. ఇక్కడ వాడుకనే ప్రమాణంగా తీసుకున్నారు.

నమోదు ముగిసిన కొంతకాలానికి పురపాలక సంఘం నుండి ఒక పన్ను నోటీసు వస్తుంది. ఆస్తి చేతులు మారినందుకు విధించే ఈ పన్నును 1976 నుండి వసూలు చేస్తున్నారు. ఇది ధరను బట్టి అర శాతం, ఒక శాతం, ఒకటిన్నర శాతం చొప్పున మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ఖరీదైన ఇళ్ళపై ఇంకా ఎక్కువ రేటు విధించే అధికారం పట్టణాలకు ఉన్నది. ప్రజలు దీనిని ‘స్వాగత పన్ను’ అని పిలుస్తారు. క్రొత్త ఇంటికి వచ్చినవారికి అందే మొదటి స్వాగతం పన్ను రూపంలో ఉంటుందన్నమాట. ఇది కాక ఏటా పురపాలక పన్ను, పాఠశాల పన్ను వేరువేరుగా చెల్లించాలి.

బడి – అసలు ప్రశ్న

హైదరాబాదు నుండి ఉద్యోగరీత్యా వెళ్ళి, శాశ్వత నివాస హక్కు పొందిన ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు. ఏడేళ్ళ పాపకు తెలుగు, ఇంగ్లీషు వచ్చు. వారు చూసిన ఇంటికి ఎదురుగానే ఇంగ్లీషు పాఠశాల ఉన్నది. ఆ ఇల్లు కొంటే పాప రోడ్డు దాటి బడికి వెళుతుందని వారు ఆశిస్తారు. కాని పాప ఆ బడిలో చేరడానికి చట్టం అనుమతించదు.

ప్రభుత్వ ధనంతో నడిచే ఇంగ్లీషు పాఠశాలలో చేరడానికి ప్రధానమైన అర్హత తల్లిదండ్రుల చదువు. తల్లిగాని తండ్రిగాని తన ప్రాథమిక విద్యలో ఎక్కువ భాగం కెనడాలో ఇంగ్లీషు మాధ్యమంలో చదివి ఉండాలి. హైదరాబాదులో చదివిన ఇంగ్లీషు చదువు ఈ లెక్కలోనికి రాదు. అందువల్ల పాప ఫ్రెంచి పాఠశాలకే వెళ్ళాలి. క్రొత్తగా వచ్చిన పిల్లలకు ఫ్రెంచి నేర్పడానికి అక్కడ ప్రత్యేక తరగతులు ఉన్నాయి. కాబట్టి ఇంటి ఎదుట ఏ బడి ఉన్నది అని కాక, తమ బిడ్డకు ఏ బడిలో హక్కు ఉన్నది అని ముందుగా తెలుసుకోవాలి. ఈ హక్కు ఆస్తి వలె ఒక తరం నుండి మరొక తరానికి సంక్రమిస్తుంది. లేనివారు దానిని ధనంతో పొందలేరు.

1998 వరకు క్యూబెక్ పాఠశాల బోర్డులు మతాన్ని బట్టి, అనగా కాథలిక్కు, ప్రొటెస్టెంటు అనే విభజనతో ఉండేవి. ఆ సంవత్సరం నుండి వాటిని భాషను బట్టి విభజించారు. పదకొండవ తరగతి పూర్తయిన తరువాత అక్కడి విద్యార్థులు ‘సెజెప్’ అనే కళాశాలలో చేరతారు. విశ్వవిద్యాలయానికి వెళ్ళదలచినవారికి అందులో రెండు సంవత్సరాల చదువు ఉంటుంది. అది తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ వంటిదే. పడమటి శివారులో ఇంగ్లీషు మాధ్యమంలో జాన్ అబట్ కళాశాల, ఫ్రెంచి మాధ్యమంలో జెరాల్డ్ గోదాఁ కళాశాల ఉన్నాయి. ఈ స్థాయిలో మాధ్యమాన్ని విద్యార్థి తానే ఎన్నుకోవచ్చు. అయితే 2022 సవరణ ఇంగ్లీషు కళాశాలల సీట్లకు పరిమితి విధించింది. ఫ్రెంచి చదువును పెంచింది.

ఈ నిబంధన వల్ల పాపకు జరిగేది నష్టమేనా? బడిలో ఫ్రెంచి, వీధిలో ఇంగ్లీషు, ఇంట తెలుగు నేర్చిన పిల్ల మూడు భాషల ఆస్తిపరురాలవుతుంది. మాంట్రియల్‌లో మూడు భాషలు తెలిసినవారు ఎందరో ఉన్నారు. కాని ఈ మూడింటిలో రెండింటికి బడి, వీధి, చట్టం అండగా ఉన్నాయి. మూడవదైన తెలుగుకు అండ ఇల్లు ఒక్కటే. తల్లిదండ్రులు మాట్లాడటం మానివేస్తే అది ఆ ఇంటి నుండి చప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది.

లెక్కలలో ఇంకొక విశేషం ఉన్నది. పట్టణపు ద్విభాషా హోదాకు మాతృభాష ఇంగ్లీషైనవారి సంఖ్య ప్రమాణం. తెలుగు, పంజాబీ, అరబ్బీ మాతృభాషగా గలవారు ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడినా ఆ లెక్కలో ఇంగ్లీషువారు కారు. అటువంటి కుటుంబాలు పెరిగినకొద్దీ పట్టణంలో ఇంగ్లీషు మాతృభాషీయుల శాతం తగ్గుతుంది. సగానికి తగ్గిన పట్టణాలు హోదా నిలుపుకోవాలంటే తమ పాలక మండలిలో తీర్మానం చేయాలని 2022 సవరణ నిర్దేశించింది. అటువంటి పట్టణాలు దాదాపు అన్నీ ఆ విధంగా తీర్మానించి హోదాను నిలుపుకున్నాయి. అంటే ఆ పట్టణాలలో రెండు భాషలు నేడు సంఖ్యాబలంతో కాక, ప్రజల సంకల్పబలంతో నిలిచి ఉన్నాయి.

తెలుగువారికి పాఠం

ఈ కథ తెలుగువారికి పరాయిది కాదు. తమిళనాడులోని హోసూరులో తెలుగు, కన్నడం మాట్లాడేవారు తరతరాలుగా ఉన్నారు. తమిళనాడు 2006లో చేసిన చట్టం ప్రకారం బడులలో అందరూ తమిళం నేర్చుకోవాలి. తెలుగు పిల్లలకు ఇది భారమని హోసూరు ప్రాంతంలో ఆవేదన వ్యక్తమయింది. తెలంగాణ 2018లో బడులలో తెలుగును తప్పనిసరి చేసింది. అక్కడ నివసించే ఇతర భాషల కుటుంబాలు కూడా ఆ చట్టాన్ని అనుసరించాలి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూరుకు రైల్వే ఉద్యోగాల కోసం తెలుగువారు తరలివెళ్ళారు. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చింది. ఒకచోట అధిక సంఖ్యాకులైనవారే మరొకచోట అల్ప సంఖ్యాకులవుతారు. సొంత ఊరిలో తన భాషకు కోరిన గౌరవాన్ని పొరుగువాని భాషకు కూడా ఇవ్వగలవాడే పరాయి ఊరిలో తన భాషకు గౌరవం అడగగలడు.

“ఇంట గెలిచి రచ్చ గెలువు” అన్నారు పెద్దలు. శివారు పట్టణంలో ఇల్లు కొనే కుటుంబానికి ఈ మాట రెండు కర్తవ్యాలను బోధిస్తుంది. ఇంటిలో మాతృభాషను నిలుపుకోవడం మొదటిది. వీధిలో వినిపించే భాషను, రాకపోయినా, ప్రయత్నించి నేర్చుకోవడం రెండవది. నోటరీ వ్రాసిన దస్తావేజు నేలపై, గోడలపై హక్కును ఇస్తుంది. పొరుగువాని గుమ్మం ముందు నిలిచి అతని భాషలో కుశలమడిగినప్పుడు లభించే హక్కు ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. ఊరు తనదవడానికి ఆ రెండవ హక్కే ఆధారం.

కఠిన పదాలు – అర్థాలు

స్థావరం = నివాసం, విడిది
వశమగు = అధీనమగు
వియోగం = ఎడబాటు
ధారాళంగా = తడబాటు లేకుండా
కద్దు = ఉన్నది
నేలమాళిగ = ఇంటి అడుగున భూమిలో ఉండే గది
దస్తావేజు = హక్కును తెలిపే వ్రాతపత్రం
పౌరస్మృతి = పౌర వ్యవహారాలకు సంబంధించిన చట్టాల సంపుటి
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి చేరు
సంకల్పబలం = పట్టుదల
రచ్చ = ఊరివారు కూడే చోటు

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. మాంట్రియల్ పడమటి శివారులో రెండు భాషలు నిలిచిన తీరును వివరించండి.
2. క్యూబెక్‌లో ఇల్లు కొనే విధానాన్ని తెలుగు రాష్ట్రాల విధానంతో పోల్చి వ్రాయండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఇంటి ఎదుటి ఇంగ్లీషు బడిలో వలస కుటుంబపు పాపకు ప్రవేశం ఎందుకు లభించదు?
2. ‘మూడవదైన తెలుగుకు అండ ఇల్లు ఒక్కటే’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. 1977 నాటి భాషా శాసనానికి దారితీసిన పరిస్థితులు ఏవి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఒక వాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. వీల్ మరీ ఎప్పుడు స్థాపింపబడినది?
2. ‘స్వాగత పన్ను’ అని దేనిని అంటారు?
3. 2006 జనవరి 1 నుండి ఎన్ని పట్టణాలు తమ పురపాలక సంఘాలను తిరిగి పొందాయి?

IV. సంధులు
1. యుద్ధానంతరం = యుద్ధ + అనంతరం (సవర్ణదీర్ఘ సంధి)
2. ప్రజాభిప్రాయం = ప్రజా + అభిప్రాయం (సవర్ణదీర్ఘ సంధి)
3. ప్రత్యేకం = ప్రతి + ఏకం (యణాదేశ సంధి)

V. సమాసాలు
1. ఇరుగుపొరుగు – ఇరుగు, పొరుగు (ద్వంద్వ సమాసం)
2. మాతృభాష – మాత యొక్క భాష (షష్ఠీ తత్పురుష సమాసం)
3. రెండు భాషలు – రెండు సంఖ్య గల భాషలు (ద్విగు సమాసం)

VI. కృత్యం
విద్యార్థులు తమ వీధిలోని పది ఇళ్ళకు వెళ్ళి, ఇంటిలో మాట్లాడే భాషను, పిల్లలు బడిలో చదివే భాషను, వీధిలో వాడే భాషను అడిగి పట్టిక తయారుచేయాలి. ఏ భాషకు ఏ అండ ఉన్నదో తరగతిలో చర్చించాలి.